ఈరమ్మ దవడపన్నూ, నేను పెట్టిన వెండి సిమెంటూ

పళ్ల డాక్టరంటే పళ్లు పీకేవాడని మా ఊళ్లో అందరూ అనుకునేవారు. మా నాన్న కూడా అంతే. "ఇంత సదివి చేసేది గిదేనా?" అని ఒకసారి అడిగాడు. నిజం చెప్పాలంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నా అభిప్రాయమూ దాదాపు అదే. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానల్లో తిరిగి తిరిగి జుట్టు తెల్లబడ్డాక ఒక సంగతి అర్థమైంది. పీకడం, తొలచడం, నింపడం కొన్నాళ్లకు చేతులే నేర్చుకుంటాయి. ఈ పంటిని ఇవాళ ముట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం రోగి కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాల్సిందే.

పాత వెండి సిమెంటు విషయంలో ఇది మరీ నిజం. కొత్తగా పళ్ల డాక్టర్లవుతున్న మీలో కొందరు దాన్ని పెట్టి ఉండరు, కాబట్టి చెబుతాను. వెండి, తగరం కలిసిన పొడిని పాదరసంతో నూరి ముద్ద చేసి, పుచ్చు తీసిన గుంతలో కూరేవాళ్లం. మర్నాటికి అది రాయిలా గట్టిపడేది. అందులో సిమెంటేమీ లేదు, కానీ జనం "పంటికి సిమెంటు వెట్టించుకున్న" అనేవారు, మేమూ అదే మాట అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు పంటి రంగులోనే కలిసిపోయే మందులు వచ్చాయి, కొత్తగా వెండి పెట్టేవాళ్లు తగ్గిపోయారు. అయినా పాలమూరు నోళ్లలో పాత వెండి ఇంకా బోలెడుంది. దాన్ని ఎప్పుడు తీయాలి, ఎప్పుడు జోలికి పోకూడదు అన్నది రేపటి నుంచి మీ తలనొప్పి. నాకు తెలిసినంత చెబుతాను. గద్వాల ఈరమ్మ పన్ను గురించి చెబితే చాలావరకు అందులోనే వచ్చేస్తుంది.

ఆ పన్ను విలువ

ఈరమ్మ మగ్గం నేస్తుంది. నూలు చీరకు పట్టు, జరీ అంచులు కలిపి నేసే ఇల్లు వాళ్లది. నేను గద్వాల దవాఖానలో పనిచేస్తున్నప్పుడు కుడివైపు కింది దవడపన్ను పుచ్చిందని వచ్చింది. నోరు తెరిపించి చూస్తే ఎడమవైపు నమిలే పళ్లే లేవు. ఏమైనాయని అడిగాను.

"మొదలు జరంత రంధ్రమని సిమెంటు వెట్టిన్రు సారూ. కొన్నొద్దులకు అది బాగలేదని తీసి, ఇంకింత పెద్దది వెట్టిన్రు. మల్ల అదీ తీసిన్రు. ఆఖరికి పన్నే తీసిన్రు. పక్కదానిది గూడ గదే కత."

ఆమెకు తెలియకుండానే మా వృత్తిలోని పెద్ద చిక్కును చెప్పేసింది. పాత సిమెంటును ఎంత జాగ్రత్తగా తీసినా దాంతోపాటు కాస్త పన్నూ పోతుంది. గుంత పెద్దదవుతుంది, చుట్టూ ఉన్న గోడలు పలచబడతాయి, లోపలి నరం దగ్గరవుతుంది. మార్చిన ప్రతిసారీ పంటి ఆయుష్షు కొంత ఖర్చుపెట్టినట్టే. ఖర్చుపెట్టాల్సిన రోజు తప్పకుండా వస్తుంది, అయితే ఊరికే ఖర్చుపెట్టకూడదు.

"ఇగ గీ ఒక్కదాని మీదనే నా రొట్టె నడుస్తుంది. గిది గూడ వోతె గటక తాగి బతకాలె," అంది ఈరమ్మ. జొన్నరొట్టె తినే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి జీవితాంతం జావ తాగమంటే శిక్షే. నేనూ అలాంటి ఇంటివాణ్ణే కాబట్టి ఆ మాట సూటిగా తగిలింది. ఆ రోజు ఆ పంటికి వెండి సిమెంటు పెట్టాను. బాగా కుదిరింది. కుదిరిందని ఆ రోజే తెలియదు, ఏళ్లు గడిచాక తెలుస్తుంది.

చేతులు వెనక్కి కట్టుకో

మొదటి పోస్టింగ్ వనపర్తి. అక్కడి పెద్ద డాక్టరుగారు ముక్కోపి. చాయ్ చల్లారినా నర్సుల మీదే అరిచేవారు. కానీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. జూనియర్లు పాత సిమెంటును మొదటిసారి చూసేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలి. పనిముట్టు పట్టుకుంటే ఊరుకోరు. "చేతిల మిషిని ఉంటె కండ్లు సక్కగ జూడవు," అనేవారు.

ఒకరోజు వీపనగండ్ల నుంచి ఒక వేరుశనగ రైతు వచ్చాడు. ముందుపన్ను కదులుతోందని ఆయన బాధ. నేను నోరంతా చూస్తూ వెనుక పంటికి ఒక పాత వెండి సిమెంటు కనిపెట్టాను. బొగ్గులా నల్లగా ఉంది, అంచులు అరిగి ఉన్నాయి. కొత్త ఉత్సాహం కదా, దాన్ని కూడా మార్చేద్దామన్నాను. చేతులు అప్పటికే సూది వైపు పోతున్నాయి.

పెద్ద డాక్టరు వెనుక నుంచి వచ్చారు. "ఆ సిమెంటు నిన్నేమన్న అన్నదా?" అని నన్ను అడిగి, రైతు వైపు తిరిగారు. "అది నొస్తుందా?"

"ఏది సారూ? ఆడ సిమెంటున్న సంగతే యాదికి లేదు నాకు."

"ఆయనకే యాదికి లేనిదాన్ని నువ్వెందుకు యాది జేస్తవ్?" అనేసి వెళ్లిపోయారు. రైతు నవ్వాడు, నేనూ నవ్వాను, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయదలచుకోలేదు. ఎక్స్‌రే తీయించడమంటే ఆయనకు నామోషీ. చూపుతోనే అంతా తేల్చేయాలనుకునేవారు. నొప్పి లేదు కదా అని ఆయన వదిలేసిన పళ్లలో కొన్ని సిమెంటు కింద చప్పుడు లేకుండా పుచ్చిపోయి, చివరికి పీకడానికే మా దగ్గరికి వచ్చేవి. కాబట్టి ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది సగమే. చేతులు కట్టుకుని చూడండి, కానీ ఎక్స్‌రే కూడా చూడండి.

నల్లగా ఉండటం రోగం కాదు

వెండి నల్లబడుతుంది. అది దాని గుణం, నల్లబడిందని తీయకండి. అంచు దగ్గర సూదిమొన కాస్త తట్టుకున్నా, చుట్టూ పన్ను గట్టిగా, శుభ్రంగా ఉంటే తొందరపడకండి. అంచును కాస్త నునుపు చేస్తే చాలాసార్లు సరిపోతుంది. పాతది అన్నది అసలు కారణమే కాదు. పెట్టిన ఏడాదికే పాడైనవాటినీ, పెట్టిన డాక్టరుకంటే ఎక్కువకాలం నిలిచినవాటినీ నేను చూశాను.

మరి తీయాల్సింది ఎప్పుడు? అంచు పక్కన పన్ను మెత్తబడితే, ఎక్స్‌రేలో కింద నల్లటి నీడ కనబడితే, సిమెంటు విరిగినా కదిలినా, పక్క పంటికీ దానికీ మధ్య అన్నం ఇరుక్కుని చిగురు వాస్తుంటే, పంటి గోడకు పగులు వస్తే, నమిలితే నొప్పి పుడితే ఇక ఆలోచించకండి, తీసేయండి. ఈ రెంటికీ మధ్యన ఉండేవే ఎక్కువ. వాటికి మందు ఒక్కటే, కనిపెట్టుకుని ఉండటం. కనిపెట్టుకుని ఉండటమంటే మరిచిపోవడం కాదు. ఇవాళ ఎలా ఉందో ఫోటో తీసి, మళ్లీ రమ్మని చెప్పి, వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చి చూడటం.

ఇప్పుడు కొత్తగా పాదరసం భయం ఒకటి పట్టుకుంది. నాగర్‌కర్నూల్లో ఒక స్కూలు టీచరు ఫోన్లో వీడియో చూపిస్తూ వచ్చారు. "నా నోట్ల విషమున్నదట సార్. రాత్రంతా నిద్రవట్టలె. అన్ని తీసెయ్యుండ్రి."

అన్నీ చూశాను. రాయిలా ఉన్నాయి. "గట్టిపడ్డ సిమెంటుల పాదరసం లోపల్నే కట్టువడి ఉంటది సార్. జరంత ఆవిరి వస్తది, రాదనను. కానీ మిషిను వెట్టి తవ్వితె ఒక్కసారే ఎక్కువొస్తది. మంచిగున్నదాన్ని భయంతోని తవ్వుడెందుకు?" అన్నాను. వెండి ఒంటికి సరిపడక, దానికి ఆనుకున్న చోట బుగ్గ లోపల పుండుపడేవాళ్లు అరుదుగా ఉంటారు, వాళ్ల సంగతి వేరు. గర్భిణులకైతే అత్యవసరం కానిదేదీ అప్పుడు పెట్టుకోకూడదు. ఇవన్నీ ఓపిగ్గా చెప్పాను.

"మరి వీడియోల చెప్పినాయన గూడ డాక్టరే గద?"

"ఆయన మీ నోరు చూసిండా?"

టీచరు ఫోను జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్లారు. నా మాట విన్నారో, ఇంకెక్కడైనా అన్నీ తీయించుకున్నారో నాకు తెలియదు. ఈ వృత్తిలో సగం కథల ముగింపు మనదాకా రాదు.

మగ్గం మీద కూర్చుంటేనే

నేను రిటైరయ్యాక నాగర్‌కర్నూల్లోనే స్థిరపడ్డాను. ఒకప్పుడు నా దగ్గర జూనియర్‌గా పనిచేసిన డాక్టర్ నస్రీన్ గద్వాలలో సొంత క్లినిక్ పెట్టుకుంది. నాకంటే మంచి చెయ్యి ఆమెది. కాస్త తొందర ఎక్కువ, ఆ వయసులో నాకూ ఉండేది. ఒకరోజు ఆమె నుంచి ఫోన్.

"సార్, ఈరమ్మ అని మీ పాత పేషెంట్ వచ్చింది. కుడివైపు కింది దవడపన్ను. షాక్ కొట్టినట్టు జివ్వుమంటుందట. లోపల ఏదో అయిందని నా అనుమానం. సిమెంటు తీసి చూద్దామనుకుంటున్నాను. పెట్టింది మీరు కదా, ఒక మాట చెబుదామని."

"ఎక్స్‌రే?"

"శుభ్రంగా ఉంది సార్. చల్లనీళ్లకు లేదు, రొట్టె నమిలితే లేదు. మగ్గం మీద కూర్చుంటేనే వస్తుందట. నేసేటప్పుడు పళ్లు బిగబట్టి కొరుకుతుందేమో, పగులు ఉందేమో."

పొరపాటు ఆలోచనేమీ కాదు, కొందరు పనిలో మునిగి పళ్లు నూరుతారు. కానీ ఈరమ్మకు గట్టిగా నమలడానికి మిగిలింది ఆ ఒక్క పన్ను. తీసి చూద్దాం అన్న మాట నాకు మింగుడుపడలేదు. రిటైరయినవాడికి బస్సెక్కడానికి సెలవు చీటీ అక్కర్లేదు కదా, మర్నాడు పొద్దున్నే వనపర్తి మీదుగా గద్వాలలో దిగాను. పన్ను చూశాను. నా సిమెంటు నల్లగా, నిబ్బరంగా ఉంది. సూదితో తట్టాను, గాలి ఊదాను, కర్రముక్క కొరికించాను. ఏమీ లేదు.

"మగ్గం కాడనే వస్తదంటున్నవు గద. మగ్గం కాడికే పోదం పా," అన్నాను.

ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. ఈరమ్మ గుంటమగ్గంలోకి దిగి కూర్చుని నేత మొదలుపెట్టింది. కాసేపు ఏమీ లేదు. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలో జరీ అయిపోయింది. జరీ చుట్టిన కొత్త కండె వేసి, రెండు చేతులకూ పని ఉండటంతో జరీ పోగును నోట్లో, కుడి పక్క పళ్ల కింద పెట్టి పటుక్కున కొరికింది. కొరకగానే భుజం ఎగరేసి దవడ పట్టుకుంది.

"అగో, గట్లనే!"

నేను నస్రీన్ వైపు చూశాను. ఆమె అప్పటికే మగ్గం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఈరమ్మా, దారం ముందుపళ్లతో కదా కొరికేదానివి? పక్కపళ్లతో ఎందుకు కొరుకుతున్నావు?"

"నువ్వే గద మేడం వద్దన్నది!"

విషయం ఇదీ. దారాలు కొరికి కొరికి ఈరమ్మ ముందుపంటికి నొక్కు పడింది. నేతపని చేసే చాలామందికి ఉంటుంది అది. కొన్ని నెలల క్రితం నస్రీన్ ఆ నొక్కును పంటి రంగు మందుతో అందంగా పూడ్చి, ఇకమీదట ముందుపళ్లతో దారం కొరకొద్దని గట్టిగా చెప్పింది. ఈరమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. ముందుపళ్లను వదిలేసి, పక్కపళ్లతో కొరకడం మొదలుపెట్టింది. పక్కన ఉన్నది నా వెండి సిమెంటు. కొరుకుతున్నది బంగారు పూత వేసిన జరీ. రెండు లోహాలు తడిలో తగిలితే కాస్త కరెంటు పుడుతుంది, అది నేరుగా నరానికి తగులుతుంది.

నూలుపోగు కొరికించాం, ఏమీ లేదు. జరీ కొరికించాం, జివ్వుమంది. అదే జరీని ముందుపళ్ల మధ్య పెట్టించాం, ఏమీ లేదు. నస్రీన్ నెత్తి కొట్టుకుంది. నేను నవ్వు ఆపుకోలేక మగ్గం గుంజ పట్టుకున్నాను.

"ఇగ తియ్యవా మరి?" అంది ఈరమ్మ అనుమానంగా.

"తియ్య. ఒక కత్తెర కొనుక్కో. ఈ పంటిని ఎవలు ముట్టుకోవద్దు."

ఆ చివరి మాట అంత జోరుగా అనకుండా ఉండాల్సింది. ఎందుకో చెబుతాను.

"సారు వద్దన్నడు"

ఏడాది తిరగకముందే నస్రీన్ మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో ఆదుర్దా ఉంది. ఈరమ్మ కొన్ని వారాలుగా రొట్టె సరిగా తినడం లేదట. కోడలు బలవంతంగా క్లినిక్‌కు తీసుకొచ్చింది. కర్రముక్క కొరికించి వదలమంటే, వదిలే క్షణంలో ప్రాణం పోయినంత నొప్పి. అది పగులు చెప్పే మాట, మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు.

"సిమెంటు తీసేయాల్సిందే సార్. పగులు కిందికి దిగితే పన్నే చీలుతుంది. కానీ నోరు తెరవడం లేదు. సారు ముట్టుకోవద్దన్నడు అంటోంది. ఫోన్లో మీతో చెప్పిస్తానన్నా ఒప్పుకోలేదు."

మధ్యాహ్నానికల్లా గద్వాల చేరాను. ఈరమ్మ కుర్చీలో పెదాలు బిగించి కూర్చుంది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూడగానే కళ్లు తుడుచుకుంది.

"సారూ, నువ్వే జెప్పు. ఎడమదిక్కు గిట్లనే షురువయ్యింది. తీస్త తీస్త అనుకుంట పండ్లన్ని తీసిన్రు. గిది వోతె నాకేం మిగుల్తది?"

ఆమె మొండితనం వెనుక ఉన్నది నా మాట మీది నమ్మకం. దాన్ని చూసి నాకు భయం వేసింది. చేతులు కడుక్కుని, అద్దంతో చూశాను. సిమెంటు పక్కన, నాలుక వైపు గోడ మీద వెంట్రుకంత గీత. ఆ గోడను వేలితో మెల్లగా నొక్కితే ఈరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఈరమ్మా, అప్పుడు నేను వద్దన్నది అప్పటి పంటికి. అప్పుడు పన్ను మంచిగుండె, తప్పు జరీది. ఇప్పుడు పన్నే పగిలింది. ఇప్పుడు తియ్యకుంటెనే పన్ను పోతది."

"తీసినంక దక్కుతదా?"

అబద్ధం చెప్పలేదు. "పగులు పైననే ఉంటె దక్కుతది. వేరుదాక దిగితె దక్కదు. తీసి చూస్తెనే తెలుస్తది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత నా వైపు కాకుండా నస్రీన్ వైపు తిరిగి, "కాని మేడం. జర పైలంగ," అని నోరు తెరిచింది.

పని నస్రీనే చేసింది. నేను పక్కన నిలబడి నీళ్లు పీల్చే గొట్టం పట్టుకున్నాను. సిమెంటును పొడి పొడిగా నూరకుండా నీళ్లు బాగా కొడుతూ, మధ్యలో కోసి ముక్కలుగా ఎత్తింది. నేను కూడా అంత నీటుగా తీయలేను. ఎన్నో ఏళ్ల క్రితం నా చేత్తో కూరిన వెండి బూడిదరంగు ముక్కలై మూత డబ్బాలోకి పోతుంటే ఏదోలా అనిపించింది. పని సరిగానే చేసి సెలవు తీసుకుంటోంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

గుంత ఆరబెట్టి నస్రీన్ లైటు దగ్గరగా జరిపింది. గీత గోడ మీద కనిపిస్తోంది. ఎక్కడిదాకా దిగిందో చూడటానికి రంగు వేసి, కడిగి, మళ్లీ ఆరబెట్టింది. నేనూ చూద్దామని ముందుకు వంగాను. గొట్టం కదిలిపోయి ఈరమ్మ నాలుకను పట్టుకుంది. "సార్, గొట్టం," అంది నస్రీన్ తలెత్తకుండా. నా జూనియర్ నన్ను గదమాయించడం అదే మొదటిసారి, బాగానే ఉంది.

"ఆగింది సార్. గోడ సగంలోనే ఆగింది. అడుగు శుభ్రంగా ఉంది."

నేను కూడా చూశాను. నిజమే. పగిలిన గోడను తగ్గించి, గుంతను నింపి, ఆ తర్వాత పంటి మొత్తానికి తొడుగు వేస్తే నిలుస్తుంది. ఈరమ్మకు నోరు మొద్దుబారి మాట రాలేదు. చెయ్యి పైకెత్తి ఏమైందన్నట్టు ఆడించింది. "దక్కింది పెద్దమ్మా," అంది నస్రీన్. ఈరమ్మ కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఇద్దరం చూడనట్టు పనిముట్లు సర్దుకున్నాం.

కొన్నాళ్లకు తొడుగు బిగించే రోజున నన్నూ రమ్మన్నారు. నాకు అక్కడ పనేమీ లేదు, చూద్దామని వెళ్లాను. తొడుగు కూర్చున్నాక నస్రీన్ మామూలుగా చెప్పే జాగ్రత్తలు మొదలుపెట్టింది. ఈరమ్మ వింటూనే సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పింది. లోపల జొన్నరొట్టెలు, నూరిన పల్లీల కారం.

"ఈడనే తిని చూస్త. నొస్తె ఈడనే చెప్త."

"ఇవాళ వద్దు పెద్దమ్మా, రేపటిదాకా ఆగు," అంది నస్రీన్.

ఈరమ్మ నా వైపు చూసింది. అలవాటు కొద్దీ నేనేదో చెప్పబోయాను. అంతలోనే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు చెప్పకు సారూ. పన్ను ఇప్పుడు మేడం చూస్తుంది. రేపు అంటె రేపే తింట. ఇగ నుంచి ఏమన్నయితె మేడంనే అడుగుత. నువ్వు ఇంటికాడ నిమ్మళంగ కూసో."

పదవీ విరమణ సభలో శాలువా కప్పినప్పుడు కూడా నేను రిటైరయ్యానని అనిపించలేదు. ఆ మధ్యాహ్నం అనిపించింది. చిన్నతనంగా ఏమీ లేదు, భుజాల మీద నుంచి ఎవరో బరువు దించినట్టు హాయిగా ఉంది. ఈరమ్మ రొట్టెలు మళ్లీ మూట కట్టి, ఒకటి మాత్రం నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున నేనింకా పేపర్ చదువుతుండగానే ఆమె ఫోన్ చేసింది. మాటలేమీ లేవు. రొట్టె నములుతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.